మిస్ ప్రూయెట్ పెట్టించిన బోర్డు

వినోనా ప్రూయెట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరెప్పుడూ కారు నడపలేదు కాబట్టి ఓపిక అంటే ఏమిటో మీకు తెలియదు. నాకు తెలుసు. పద్దెనిమిది వేసవులు ఆవిడను తిప్పాను. రోడ్డు పక్కన ఇనప స్తంభం మీద చరిత్ర రాసిన బోర్డు కనబడితే చాలు, "ఆపు డెల్బర్ట్" అనేది. మన దేశంలో రోడ్ల పక్కన అలాంటి బోర్డులకు కొదవా? ఫలానా జనరల్ ఇక్కడ గుర్రానికి నీళ్లు పట్టాడు, ఫలానా దొర ఇక్కడ జ్వరం వచ్చి పోయాడు, ఇవన్నీ కారు దిగి చదవాల్సిందే. వెనక సీట్లో మా ఆవిడ ఓపల్ అల్లిక సామాను పెట్టుకుని కూర్చునేది. ఒహాయోలో మొదలుపెట్టిన స్వెటరు మిసిసిపీ చేరేసరికి అయిపోయేది.

నేను కటర్స్ బెండ్ బడిలో బస్సు డ్రైవర్ని. ఆవిడ అదే బడిలో ముప్పై నాలుగేళ్లు ఎనిమిదో తరగతికి అమెరికా చరిత్ర చెప్పింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, వేసవి సెలవులు వదులుకోవడం ఇష్టంలేక అనేది. మొదట్లో కారు తనే నడుపుకునేది. ఒకసారి బోర్డు చదువుతూ నడిపి తిన్నగా ఒక మొక్కజొన్న చేలోకి పోనిచ్చింది. ఆ చేను తన పాత విద్యార్థిది. అతను పరుగెత్తుకొచ్చి, నలిగిన మొక్కల మధ్య నిలబడి, "క్షమించండి మిస్ ప్రూయెట్" అన్నాడట. తప్పెవరిదైనా ఆవిడ ముందు క్షమాపణ చెప్పేది మనమే. ఆ తర్వాతనుంచి స్టీరింగు నా చేతికొచ్చింది.

గెటిస్‌బర్గ్‌లో జూలై ఎండలో, పాత యుద్ధం జరిగిన మైలు పొడవున్న పొలం అడ్డంగా మమ్మల్ని నడిపించింది, సైనికులు నడిచినట్టే నడవాలని. సగం దారిలో ఓపల్ కూలబడింది.

"వాళ్లలో కొందరికి కాళ్లకు జోళ్లు కూడా లేవు ఓపల్" అంది మిస్ ప్రూయెట్.

"వాళ్లకు నడుం నొప్పి కూడా లేదమ్మా, ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు" అంది మా ఆవిడ.

ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్యం నాటి పగిలిన గంట ముందు నిలబడి ఆవిడ కళ్లు తుడుచుకుంది. మొంటానాలో గడ్డి మధ్య, సైనికులు పడిపోయిన చోటల్లా పాతిన రాళ్ల దగ్గర, గంటసేపు నోరు విప్పలేదు. ఆవిడ నోరు విప్పకపోవడం నేను చూసింది అక్కడే. ఒక పాత కోటలో గైడు కుర్రవాడు ఒక సంవత్సరం తేడాగా చెప్పాడని అరగంట వాడి తల తినేసింది. "పోనీ మిస్, ఒక్క ఏడాదే కదా" అన్నాను. నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "తప్పు రాసిన బోర్డు ఉండే కంటే అసలు లేకపోవడమే నయం డెల్బర్ట్. లేకపోతే జనం అడుగుతారు. ఉంటే ఇక అడగరు" అంది.

ఆ మాటన్న మనిషే మా ఊళ్లో ఒక బోర్డు పెట్టించింది.

మాది ఒహాయో నది ఒడ్డు. అవతలి గట్టు కెంటకీ. పాతకాలంలో ఆ గట్టున బానిసలను కొనడం అమ్మడం ఉండేది, ఈ గట్టున లేదు. పారిపోయి నది దాటి వచ్చినవాళ్లను ఇక్కడ కొందరు ఇళ్లలో దాచి ఉత్తరానికి పంపేవాళ్లు. ఇది నిజంగా జరిగింది. కాకపోతే అంత పని చేసినవాళ్లు తక్కువ, చేశామని చెప్పుకునేవాళ్లు ఎక్కువ. మా వైపు నేలమాళిగ ఉన్న ప్రతి ఇంటివాళ్లూ మా ముత్తాత ఇక్కడే దాచాడంటారు. మా నాయనమ్మ కూడా అనేది. ఆ మాళిగ తవ్వింది మా తాత, బంగాళాదుంపల కోసం, బానిసత్వం మీద జరిగిన యుద్ధం అయిపోయిన యాభై ఏళ్లకు.

మా ఊళ్లో ఆ ఘనత లథ్రప్ వాళ్ల ఇటుకల ఇంటికి దక్కింది. మిస్ ప్రూయెట్ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ ఇంట్లో తొంభై ఒక్క ఏళ్ల కొర్నీలియా లథ్రప్ ఉండేది. ఆవిడ ఈవిడకు టీ ఇచ్చి, మెట్ల కింద గది చూపించి, తన తాత ఆసా లథ్రప్ ఒక చలికాలం ఒక తల్లినీ బిడ్డనూ ఇందులో దాచాడని చెప్పింది. ఆ ముసలావిడ చెప్పిన తీరు అంత బాగుందట. దానికి తోడు చర్చిలో ఒక ఉత్తరం దొరికింది, లథ్రప్ దైవభక్తుడు, బానిసత్వం అంటే గిట్టనివాడు అని. అంతే. మిస్ ప్రూయెట్ ఆ రెండూ పట్టుకుని రెండేళ్లు రాష్ట్రం వాళ్లకు ఉత్తరాలు రాసి రాసి బోర్డు సాధించింది. ఆవిష్కరణ రోజు బడి బ్యాండు వాళ్లను బస్సులో తీసుకొచ్చింది నేనే. తెర తీయగానే ఆవిడ ముఖం చూడాలి. పెళ్లికూతురు కూడా అంత వెలగదు.

ఆ బోర్డులోంచి లాంతర్ల పండగ పుట్టింది. అక్టోబరు రెండో శనివారం, చీకటి పడే వేళకు, ఎనిమిదో తరగతి పిల్లలు శాలువాలు కప్పుకుని లాంతర్లు పట్టుకుని నది గట్టు నుంచి లథ్రప్ ఇంటిదాకా నడుస్తారు. చర్చి ఆడవాళ్లు ఆపిల్ గుజ్జు అమ్ముతారు, మా ఓపల్ బీన్సు సూపు అమ్ముతుంది. పక్క జిల్లాల నుంచి జనం వస్తారు. చెప్పుకోవడానికి మా ఊరికి ఇంకేముంది? మిల్లు మూతపడింది, పడవల రేవు మూతపడింది. మేం మంచివాళ్ల మనవలం అన్న మాటొక్కటి మిగిలింది.

ఆవిడ రిటైరైన అయిదో ఏడు ఆగస్టులో, నది అవతల బ్రాన్‌హామ్ అనే ఊళ్లో పాత జైలును మ్యూజియంగా మార్చారని పేపర్లో చదివింది. నలభై మైళ్లు. ఓపల్‌కు నడుం పట్టేసి రాలేదు. మేమిద్దరమే వెళ్లాం. ఆ మ్యూజియం ప్రభుత్వానిది కాదు. రిటైరైన నర్సు, ఆల్తియా గెయిన్స్ అనే నల్లజాతి ఆవిడ, సొంత చేతులతో సున్నం వేసి, సామాను సర్ది నడుపుతోంది. మేం తప్ప చూసేవాళ్లు లేరు.

"ఎక్కడినుంచి వచ్చారు?" అంది ఆల్తియా.

"కటర్స్ బెండ్."

ఆవిడ ఒక్క క్షణం మా ఇద్దరినీ చూసింది. "మీ ఊరి పేరు మా పుస్తకంలో ఉంది. చూస్తారా?"

మిస్ ప్రూయెట్ ముఖం విప్పారింది. పారిపోయి పట్టుబడినవాళ్లను యజమానులు వచ్చేదాకా ఆ జైల్లోనే ఉంచేవారట. ఆ పేర్లు రాసిన పుస్తకం అది. తోలు అట్ట చివికిపోయింది. ఆల్తియా చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని, వెతుక్కోకుండా తిన్నగా ఒక పేజీ తీసింది.

పదకొండు ఫిబ్రవరి, వెయ్యిన్నీ ఎనిమిది వందల యాభై మూడు. డోర్కస్, వయసు సుమారు ఇరవై నాలుగు. వెంట మూడేళ్ల మగపిల్లవాడు. కటర్స్ బెండ్ కాపురస్తుడు ఆసా లథ్రప్ స్వయంగా పడవలో తెచ్చి అప్పగించాడు.

మిస్ ప్రూయెట్ ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. నేను ఆవిడ భుజం మీదుగా చదివాను. రాత పాతదే కానీ ముత్యాల్లా ఉంది, నాలాంటివాడు కూడా తడుముకోకుండా చదవచ్చు. ఆ కింద రెండేళ్లలో ఇంకో నాలుగు చోట్ల అదే పేరు. దాచాడన్నది నిజమేనేమో. దాచి, తలుపేసి, పడవ సిద్ధం చేసుకున్నాడు.

"కుర్చీ ఉందా?" అంది మిస్ ప్రూయెట్.

ఆల్తియా కుర్చీ తెచ్చి, మంచినీళ్లు ఇచ్చింది. "ఆ ఇంటి ముందు బోర్డు ఉందిగా. నేనోసారి వచ్చి చదివాను. ఎవరికి చెప్పాలో తెలియక వెనక్కొచ్చేశాను" అంది.

"అది నేను పెట్టించాను."

ఆల్తియా ఆవిడ ముఖంలోకి చూసింది. కోపగించుకుంటుందేమో అనుకున్నాను. "అయితే తీయించాల్సింది కూడా మీరే" అని మాత్రం అంది. మిస్ ప్రూయెట్ పెన్సిలుతో ఆ పేజీ అంతా తన నోటు పుస్తకంలో ఎత్తి రాసుకుంది. బయలుదేరేటప్పుడు ఆల్తియా చెయ్యి పట్టుకుని, ఈ అక్టోబరు లోపల ఆ బోర్డు దింపిస్తాను, డోర్కస్ పేరు పెట్టిస్తాను అని మాటిచ్చింది. తిరుగు దారిలో ఏడు బోర్డులు దాటాం. ఒక్కదాని దగ్గరా ఆపమనలేదు.

మా ఊరి కౌన్సిల్లో అయిదుగురు. నలుగురు ఆవిడ విద్యార్థులే. కౌన్సిల్ పెద్ద రాండల్ స్ట్రూబుల్‌ది ఇనప సామాన్ల కొట్టు. ఆవిడంటే వాడికి ప్రాణం. ఆవిడ ఇంటి పైకప్పు కారితే వాన వెలవకముందే నిచ్చెన వేసుకుని వచ్చే రకం. వాడు నోటు పుస్తకం అటూ ఇటూ తిప్పాడు.

"ఇది మీ చేతిరాత కదా మిస్?"

"చూసి రాసుకున్నాను."

"అసలు కాగితం కావాలి కదా. ముప్పై నాలుగేళ్లు మాకు నేర్పింది మీరే, ఆధారం లేకుండా చరిత్ర రాయకూడదని."

అదీ నిజమే. సెప్టెంబరులో మళ్లీ బ్రాన్‌హామ్ వెళ్లాం. జైలు తలుపుకు తాళం. పక్కింటావిడ చెప్పింది, ఆల్తియాకు కిందటి నెలాఖరున పక్షవాతం వచ్చిందని, మాట పడిపోయిందని, అట్లాంటా నుంచి కూతురు వచ్చి తీసుకెళ్లిందని. పుస్తకాలన్నీ పెట్టెల్లో సర్ది ఏదో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారట. కూతురికి ఫోను చేశాం. పాపం, తల్లి మంచం పక్కన కూర్చుని మాట్లాడింది. పెట్టెలు విప్పడానికే ఏడాదో రెండేళ్లో పడుతుందన్నారని చెప్పింది. రాష్ట్రం వాళ్లకు రాస్తే, బోర్డు మార్చమని ఊరి కౌన్సిల్ అడగాలి అన్నారు. కౌన్సిల్‌ను అడిగితే రాష్ట్రం వాళ్లు ఒప్పుకోవాలి అన్నారు. ఆవిడను ఎక్కించుకుని టైర్లరిగేలా తిరిగాను. ఎవరూ ఆవిడను కసురుకోలేదు. అందరూ కుర్చీ వేసి కూర్చోబెట్టారు, కాఫీ ఇచ్చారు, వింటామన్నారు, పంపించేశారు. గొంతు చించుకుని అరవడానికి కూడా ఎదురుగా శత్రువంటూ ఒకడు ఉండాలి కదా.

చివరికి మిగిలింది నా కళ్లు. ఆవిడ కాక ఆ పేజీ చూసినవాణ్ని ఊళ్లో నేనొక్కణ్నే. అక్టోబరు మొదటి మంగళవారం మీటింగు. నన్ను సాక్ష్యం చెప్పమంది.

ఆ ఉదయం ఓపల్ గుడ్లు వేయిస్తూ, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఏం చెప్తావు?"

"చూసింది చెప్తాను."

"టెస్సాకు ఈ ఏడు పండగలో తల్లి వేషం ఇచ్చారు. తెలుసుగా?"

టెస్సా మా మనవరాలు, కొడుకు కూతురు. పదమూడేళ్లు. మాట్లాడబోతే నత్తి వచ్చేది, మూడేళ్లు శిక్షణ ఇప్పించాం. ఆ వేషం దొరికిందని తెలిసిన రోజు వీధి పొడవునా పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు" అంది ఓపల్. "ఖచ్చితంగా తెలియదు అను, చాలు. నూట అరవై ఏళ్ల కిందటి రాత. ఎవరికి మాత్రం ఖచ్చితంగా తెలుస్తుంది? వచ్చే ఏడు చూసుకుంటారు. ఆవిడకు వచ్చే నష్టం ఏముంది?"

మీటింగులో మిస్ ప్రూయెట్ క్లాసు చెప్పినట్టే చెప్పింది. తేదీ, పేరు, వయసు, పడవ. జనం నిండిపోయారు. ఓపల్ మూడో వరసలో కూర్చుంది. టెస్సా వాళ్ల నాన్న గోడకానుకుని నిలబడ్డాడు. రాండల్ నావైపు తిరిగాడు.

"డెల్బర్ట్, నువ్వూ చూశావట. లథ్రప్ అనే ఉందా?"

"పాత రాత కదా... లథ్రప్ లాగే అనిపించింది. ఖచ్చితంగా అంటే చెప్పలేను. కళ్లజోడు కారులో ఉండిపోయింది."

అయిదుగురూ చేతులెత్తారు. కాగితం వచ్చాక మళ్లీ చూద్దాం, అందాకా బోర్డు అలాగే ఉంటుంది. "మీమీద మాకు గౌరవం లేక కాదు మిస్. మీరు నేర్పినట్టే చేస్తున్నాం" అన్నాడు రాండల్. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా.

"అవును, నేర్పాను" అంది ఆవిడ. "బోర్డు పెట్టించినప్పుడు నేను మాత్రం పాటించలేదు."

కారులో ఇంటికి తీసుకొచ్చాను. దిగేముందు తలుపు మీద చెయ్యి వేసి, తిట్టకుండా, మార్కులు చెప్పినట్టు చెప్పింది. "ఆ రోజు కళ్లజోడు నీ ముక్కు మీదే ఉంది డెల్బర్ట్."

నాకు తల కొట్టేసినట్టయింది. సంజాయిషీ చెప్పబోతే, వద్దని చేత్తో వారించింది. వచ్చే వేసవికి న్యూ మెక్సికో వెళ్దామని నెలల కిందటే అనుకున్నాం. ఆ మాటెత్తాను, ఏదో ఒకటి మాట్లాడాలని. "ఇక నేనెక్కడికీ రాను" అంది. "ఏ బోర్డు చూసినా, ఇది రాసింది కూడా నాలాంటిదే ఒకతై ఉంటుంది అనిపిస్తుంది." పద్దెనిమిది వేసవులు ఆ మనిషిని బతికించిన సరదా అది. నేనొక్కణ్నే కాదు, అందరం కలిసి చంపాం, కానీ ఆఖరి దెబ్బ మాత్రం నాదే.

లాంతర్ల పండగ రోజు సాయంత్రం, నన్ను పిలవకుండా, నడిచి నది గట్టుకు వచ్చింది. నీలం కోటు వేసుకుంది, బడికి వేసుకొచ్చేదే. ఇరవై ఎనిమిది మంది పిల్లలు వరసలో ఉన్నారు. కొత్త టీచరమ్మను రెండు నిమిషాలు అడిగింది. ఆ పిల్ల కాదనలేకపోయింది. నేను లాంతర్లలో వత్తులు సరిచేస్తూ పక్కనే ఉన్నాను.

మిస్ ప్రూయెట్ చెప్పింది. ఆమె పేరు డోర్కస్. బిడ్డ పేరు ఎవరూ రాయలేదు. లథ్రప్ వాళ్లను కాపాడలేదు, అప్పగించాడు. పిల్లలు బుద్ధిగా విన్నారు. వెనకనుంచి ఒకడు, "మరి మా నాన్నకు అది రాస్తే నూటికి నూరు వేశారటగా మిస్?" అన్నాడు. నవ్వారు.

"వేశాను. నేను తప్పు నేర్పాను" అంది.

పిల్లలు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. టీచర్లు ఆ మాటనడం వాళ్లెప్పుడూ విని ఉండరు. శాలువాలో బొమ్మను చుట్టి చంకలో పెట్టుకుని ముందు నిలబడ్డ టెస్సా నావైపు తిరిగింది.

"తాతా, నువ్వూ వెళ్లావుగా. చూశావా?"

"చూశాను తల్లీ. లథ్రప్ అనే ఉంది. స్పష్టంగా ఉంది."

మిస్ ప్రూయెట్ తలెత్తి నన్ను చూసింది.

"మరి మీటింగులో తె... తెలియదన్నావట. నానమ్మ చెప్పింది."

నేనేం చెప్పను? నీ వేషం కోసం అనా? ఆ బరువు పదమూడేళ్ల పిల్ల నెత్తిన పెట్టనా? ఇంతలో బ్యాండు మోగింది. టీచరమ్మ చప్పట్లు కొట్టి, "పదండి పదండి, వీధిలో జనం ఎదురుచూస్తున్నారు" అంది. టెస్సా ఇంకా నావైపే చూస్తోంది. వెనకవాళ్లు తోస్తే నడిచింది.

మేమిద్దరం వరస వెంట నడిచాం. వీధికి రెండు పక్కలా జనం, పిల్లలు తండ్రుల భుజాల మీద. లథ్రప్ ఇంటి మెట్ల దగ్గర అందరూ ఆగారు. తల్లి వేషం వేసిన పిల్ల ఒక్కతే మెట్లెక్కి మూడుసార్లు తలుపు తట్టాలి. లోపల గడ్డం పెట్టుకున్న రాండల్, ఆసా లథ్రప్ వేషంలో. ఇన్నేళ్లుగా అదే వరస. నేను కూడా ప్రతి ఏడూ చప్పట్లు కొట్టాను.

మిస్ ప్రూయెట్ నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తట్టొద్దని చెప్పు డెల్బర్ట్. నా మాట ఎవరూ వినరు. నువ్వు చెప్పు."

నోరు తెరిచాను. బ్యాండు హోరులో నా గొంతు నాకే వినబడలేదు. టెస్సా పై మెట్టు మీద చెయ్యెత్తి ఆగింది. రిహార్సల్లో అలా ఆగడం లేదు. జనం అది నటన అనుకుని ఊపిరి బిగబట్టారు. జనంలోంచి ఓపల్ చేతులు జోడించి, "తట్టు బంగారం, తట్టు" అంటోంది.

తట్టింది. ఒకటి, రెండు, మూడు.

తలుపు తెరుచుకుంది. "రా తల్లీ, లోపలికి రా. ఇక నీకేం భయం లేదు" అన్నాడు రాండల్, మంచి మనసుతో, చేతులు చాచి. చప్పట్లు మోగిపోయాయి. టెస్సా గడప మీద నిలబడి జనంలో నాకోసం వెతికింది. నేను చెయ్యి ఊపాను, రమ్మనో, వెళ్లమనో నాకే తెలియలేదు. పిల్ల బొమ్మను గుండెకు హత్తుకుని లోపలికి వెళ్లింది, రాండల్ తలుపు మూశాడు.